ఒక్క పగటిలో ఓరుగల్లు: వలయాల రాజధాని చరిత్ర

హైదరాబాదు నుంచి ఉదయం బయలుదేరి, దాదాపు 145 కిలోమీటర్ల దూరంలోని వరంగల్లును చూసి రాత్రికి తిరిగి వచ్చే యాత్రలు చాలా వరకు ఒకే వరుసలో సాగుతాయి. ముందు హనుమకొండలోని వేయిస్తంభాల గుడి, తరువాత భద్రకాళి ఆలయం, ఆపైన ఖిలా వరంగల్‌లోని రాతి తోరణాలు, వాటికి చేరువలోని ఖుష్ మహల్, పొద్దు ఇంకా మిగిలితే పాలంపేటలోని రామప్ప గుడి. ఈ వరుస దారుల సౌకర్యాన్ని బట్టి ఏర్పడిందే తప్ప చరిత్ర క్రమాన్ని బట్టి కాదు. పైగా ఇది కట్టడాలను ఒక్కొక్కటిగా విడదీసి చూపుతుంది కనుక, వాటన్నింటినీ ఒక నగరంగా కూర్చిన అమరిక చూపరుల దృష్టికి అందదు. ఓరుగల్లు, అంటే నేటి వరంగల్లు, ఒక కేంద్రం చుట్టూ వలయాలుగా పెరిగిన రాజధాని. దాని గోడలు ఏ క్రమంలో, ఏ అవసరం కోసం లేచాయో తెలిస్తే కాకతీయ రాజ్యం ఎదిగిన తీరు తెలుస్తుంది, దాని కేంద్రాన్ని తరువాతి పాలకులు ఎలా వాడుకున్నారో తెలిస్తే ఆ రాజ్యం కూలిన తరువాత కూడా నగరం ఎందుకు నిలిచిందో తెలుస్తుంది.

కాకతీయుల మొదటి రాజధాని ఓరుగల్లు కాదు, కొండగుట్టలను ఆనుకొని ఉన్న అనుమకొండ, అంటే నేటి హనుమకొండ. కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఉన్న కాలమంతా వారు అక్కడి నుంచే పాలించారు. రెండవ ప్రోలరాజు కాలంలో బలపడిన ఆ వంశం, అతని కుమారుడు రుద్రదేవుని కాలంలో చాళుక్యుల ఆధిపత్యాన్ని వదిలించుకొని స్వతంత్రమైంది. ఆ మార్పును లోకానికి చాటినది వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి సంస్కృత శాసనం. అచింతేంద్రుడనే కవి రచించిన ఆ శాసనం రుద్రదేవుని విజయాలను వరుసగా పేర్కొంటుంది. శివుడు, విష్ణువు, సూర్యుడు అనే ముగ్గురు దేవతలకు మూడు గర్భాలయాలు కట్టి, వాటిని ఒకే మండపానికి కలిపిన ఈ గుడి త్రికూటాలయం అనే తరహాకు చెందినది. సామంతుడి ఊరు స్వతంత్ర రాజు రాజధానిగా మారిన ఘట్టానికి ఈ గుడి సాక్ష్యం కనుక ఓరుగల్లు కథను ఇక్కడ మొదలుపెట్టడం సబబే. కానీ రుద్రదేవునికి, అతని తరువాతి వారికి అనుమకొండ చాలలేదు.

అనుమకొండకు ఆగ్నేయంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో, మైదానం మధ్య ఒంటిగా నిలిచిన రాతి గుట్ట చుట్టూ కొత్త రాజధానికి పునాది పడింది. ఆ గుట్టను బట్టే నగరానికి ఏకశిలానగరమనే పేరు కూడా వచ్చింది. కొండ మీద కోట కట్టుకుంటే కొండ ఆకారాన్ని అనుసరించక తప్పదు, మైదానంలో కట్టుకుంటే తాను తలచిన ఆకారాన్నే నేల మీద గీయవచ్చు. ఈ స్వేచ్ఛను కాకతీయులు పూర్తిగా వినియోగించుకున్నారు. ఆ మార్పుకు భయం కూడా తోడైంది. రుద్రదేవుని తరువాత రాజైన అతని తమ్ముడు మహాదేవుడు దేవగిరి యాదవులతో పోరులో మరణించాడు, మహాదేవుని కొడుకు గణపతిదేవుడు వారికి బందీగా చిక్కాడు. 1199లో రాజ్యం చేతికి వచ్చిన గణపతిదేవుడు ఆరు దశాబ్దాలకు పైగా పాలించి, తీరాంధ్రం వరకు రాజ్యాన్ని విస్తరింపజేస్తూనే, రుద్రదేవుని కాలంలో మొదలైన ఓరుగల్లు రాతికోటను పూర్తిచేయించాడు.

నేడు గుర్తించగలిగిన ప్రాకారాలు మూడు. కేంద్రానికి దగ్గరగా ఉన్నది రాతికోట. దీని వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, చుట్టూ వెడల్పైన అగడ్త, అంటే నీటి కందకం, ఉంది. దాన్ని చుట్టి సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట ఉంది, దాని వెలుపల 150 అడుగుల వెడల్పైన మరో అగడ్త ఉంది. అన్నింటికంటే వెలుపలి మట్టికట్ట సుమారు 12.5 కిలోమీటర్ల వ్యాసంతో సాగి, పాత రాజధాని హనుమకొండను కూడా తనలో కలుపుకుంటుంది. అంటే ఉదయాన వేయిస్తంభాల గుడి చూసి మధ్యాహ్నం కోటకు వెళ్లే యాత్రికులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవడం లేదు, ఒకే రాజధానిలో వెలి వలయం నుంచి లోపలి వలయానికి నడుస్తున్నారు.

రాతికోట గోడను పెద్ద పెద్ద నల్లరాతి దిమ్మెలతో, సున్నం వాడకుండా, రాతికి రాయి అతికేలా చెక్కి పేర్చారు. గోడ వెంట 45 బురుజులు ముందుకు పొడుచుకొని నిలుస్తాయి. గోడకు నిచ్చెన వేసేవారిని పక్క నుంచి కొట్టడానికి వీలుగా వీటిని అమర్చారు. జనశ్రుతి మాత్రం బురుజులు 77 అనీ, ఒక్కొక్క బురుజు రక్షణ ఒక్కొక్క నాయకునిదనీ చెబుతుంది. ఈ లెక్క నేల మీది కట్టడానికి సరిపోకపోయినా, కాకతీయ సైన్యం నాయంకర పద్ధతి మీద నడిచిందన్న సంగతిని గుర్తుపెట్టుకున్న తీరు అది. రాజు కొన్ని గ్రామాల ఆదాయాన్ని నాయకునికి అప్పగించి, బదులుగా అతను నిర్ణీత బలగంతో యుద్ధానికి రావాలని నియమించే ఏర్పాటుకు నాయంకరమని పేరు. 1262లో సింహాసనమెక్కిన గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి ఈ గోడను మరింత ఎత్తు చేయించి, లోపలి వైపు మట్టిని వాలుగా పోయించి, దాని మీద 18 రాతి మెట్లు కట్టించింది. గోడ పొడవునా సాగే ఆ మెట్ల వల్ల సైనికులు ఏ చోటనైనా క్షణాల్లో గోడ పైకి చేరగలిగేవారు. ఆమె పాలన మొదట్లోనే యాదవ రాజు మహాదేవుడు దండెత్తి వచ్చిన సంగతిని తలచుకుంటే, ఇంత శ్రమ దేనికో వేరే చెప్పనక్కరలేదు. మట్టికోట కూడా ఆమె కాలపు నిర్మాణమేనని చరిత్రకారుల అభిప్రాయం.

నాలుగు దిక్కులకు నాలుగు ద్వారాలున్నాయి. వీటిలో ఏదీ లోపలికి తిన్నగా దారి ఇవ్వదు; లోపలికి వచ్చినవారు బురుజుల నడుమ చిక్కి, పక్కకు తిరిగి, మరో ద్వారం దాటితే గాని వీధిలో అడుగుపెట్టలేరు. ఏనుగుతో తలుపులు పొడిపించడానికి గాని, గుర్రపుదళం ఒక్క ఊపున చొరబడడానికి గాని ఈ మెలిక వీలివ్వదు. తరువాతి శతాబ్దాలలో వచ్చిన పాలకులు ఈ ద్వారాలకు కొత్త గోడలు చేర్చినప్పుడు పాత ఆలయాల రాళ్లను కూడా వాడారు. అందువల్ల నేటికీ అక్కడి గోడలలో శిల్పాలు చెక్కిన రాళ్లు అడ్డదిడ్డంగా కనిపిస్తాయి.

వలయం, నాలుగు దిక్కుల ద్వారాలు, నడుమ కలిసే వీధులు అనే ఈ రేఖాకృతి ఓరుగల్లుకే పరిమితం కాదు. డెన్మార్కులో వైకింగుల కాలపు వలయకోటలు దీనికి సుమారు రెండు శతాబ్దాల ముందు ఇదే రీతిలో వెలిశాయి. హెరాల్డ్ బ్లూటూత్ అనే రాజు కట్టించిన ట్రెలెబోర్గ్, ఫిర్కాట్, అగర్స్‌బోర్గ్ వంటి కోటలు ఖచ్చితమైన వృత్తాకారంలో, నాలుగు ద్వారాలతో, వాటిని కలిపే కొయ్యపలకల వీధులతో ఉండేవి. ట్రెలెబోర్గ్ కొయ్యలోని వార్షిక వలయాలను లెక్కించి, ఆ చెట్లను 980–981లో నరికారని పరిశోధకులు తేల్చారు. అయితే ఆ కోట లోపలి వ్యాసం 136 మీటర్లు మాత్రమే, అన్నింటిలోకి పెద్దదైన అగర్స్‌బోర్గ్‌ది 240 మీటర్లు. ఆ కోటలు ఒకే రాజు ఆజ్ఞతో కొద్ది ఏళ్లలో లేచిన సైనిక స్థావరాలు. అతని అధికారంతో పాటే వాటి అవసరమూ తీరిపోయి, ఒక తరం గడవకముందే పాడుపడ్డాయి. ఓరుగల్లును మూడు తరాల వారు కట్టారు, ఏడు శతాబ్దాలకు పైగా అందులో జనం కాపురముంటున్నారు. ఈ తేడాకు గోడల బలం కారణం కాదు. డేనిష్ కోటల నడుమ ఉన్నది నాలుగు వీధుల కూడలి మాత్రమే. ఓరుగల్లు నడుమ ఉన్నది దేవుడు.

రాతికోట మధ్యలో స్వయంభూదేవాలయం ఉండేది. స్వయంభూదేవుడు కాకతీయుల రాజ్యదేవత అయిన శివుడు. ఆ ఆలయానికి రుద్రమదేవి రంగమండపం కట్టించింది, రాజుల పట్టాభిషేక గౌరవాలు ఆ దేవునితో ముడిపడి ఉండేవి. ఆలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలిచి, కోట ద్వారాల నుంచి వచ్చే ప్రధాన వీధులు కలిసే చోటును స్పష్టంగా గుర్తించేవి. జంట స్తంభాల మీద అడ్డదూలాలు, వాటి కింద వేలాడే తామర మొగ్గలు, అంచులలో హంసలు, తీగలు. ఇంత పనితనంలోనూ దేవతా విగ్రహాలు ముఖ్యస్థానంలో లేవు. ఈ చిన్న విషయం తరువాతి చరిత్రలో పెద్ద ఫలితాన్ని ఇచ్చిందని, ఓరుగల్లును లోతుగా పరిశీలించిన ఫిలిప్ వాగొనర్ వాదన.

ఇంత పెద్ద నగరాన్ని పోషించిన సంపద రెండు వైపుల నుంచి వచ్చింది. ఒకటి చెరువు నీరు. వానాధారపు నేలల్లో వాగులకు అడ్డంగా కట్టలు వేసి, పాకాల, రామప్ప వంటి పెద్ద తటాకాలను కాకతీయ రాజులు, వారి సేనానులు, మంత్రులు తవ్వించారు. కొత్త ఊరు, దాని చెరువు, దాని గుడి కలిసి ఒకే ప్రయత్నంగా వెలిసేవి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి దీనికి నిండైన ఉదాహరణ. గుంతలో ఇసుక నింపి దాని మీద పునాది వేయడం, శిఖరానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడడం ఆ గుడి నిర్మాణంలోని విశేషాలు. రెండవది సముద్ర వర్తకం. ఓడ పగిలి తీరానికి కొట్టుకువచ్చిన సరుకును రాజులు స్వాధీనం చేసుకునే అలవాటు ఆ కాలంలో ఉండేది. 1244 ప్రాంతాన మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో గణపతిదేవుడు ఆ అలవాటును మాని, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని పరదేశ వర్తకులకు హామీ ఇచ్చాడు. కాబట్టి యాత్రలో చివరన, తీరిక ఉంటేనే చూసే రామప్ప నిజానికి రాజధానికి అనుబంధం కాదు. ఆ గోడలకు ఖర్చు పెట్టగలిగిన వ్యవసాయ విస్తరణకు కళ్లెదుట నిలిచిన నిదర్శనం.

గోడలకు అసలు పరీక్ష రుద్రమదేవి తరువాత రాజైన ప్రతాపరుద్రుని కాలంలో ఎదురైంది. 1310 జనవరిలో ఢిల్లీ సుల్తాను అలాఉద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించాడు. ఆ దండయాత్రను వర్ణించిన ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో మట్టికోట గట్టిదనాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాడు; ఉక్కు ఈటె దానిలో దిగదనీ, యంత్రాలు విసిరిన రాళ్లు తాకి వెనక్కి పడతాయనీ అతని వర్ణన సారాంశం. మెత్తని మట్టి దెబ్బను తనలోకి తీసుకుంటుంది, రాతి గోడలా పగలదు. ముట్టడిదారులు హనుమకొండ గుట్ట మీది నుంచి నగరాన్ని పరిశీలించి, తమ విడిది చుట్టూ కొయ్యకోట కట్టుకొని, అగడ్తను పూడ్చి, వారాల తరబడి పోరాడితే గాని ఆ మట్టిగోడ లొంగలేదు. అది దాటాక రాతికోట ముందు నిలిచిన సైన్యంతో ప్రతాపరుద్రుడు సంధి చేసుకొని, ఏనుగులను, గుర్రాలను, అపారమైన ధనాన్ని ఇచ్చాడు. ఆ సొమ్మును వేయి ఒంటెలు మోశాయని ఖుస్రో రాశాడు. ఆ ధనంలో కోహినూరు వజ్రం ఉందన్న మాట కోటలో తరచుగా వినిపిస్తుంది గాని, అది తరువాతి వారి ఊహే తప్ప సమకాలిక ఆధారం ఉన్న విషయం కాదు.

రాతికోట ఆ ఏడు పడలేదు. ఢిల్లీలో తుగ్లక్ వంశం అధికారానికి వచ్చాక, తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీని ఏలిన ఉలుగ్ ఖాన్ మొదట చేసిన ముట్టడి కూడా, సుల్తాను చనిపోయాడన్న వదంతితో అతని శిబిరంలోనే చీలికలు రావడంతో విఫలమైంది. వెనుదిరిగి బలగాన్ని కూడదీసుకొని వచ్చిన అతనికి 1323లో ఓరుగల్లు లొంగింది. ఢిల్లీకి బందీగా తరలిస్తున్నప్పుడు నర్మదా తీరాన ప్రతాపరుద్రుడు మరణించాడని ఆ తరువాతి తరంలో వెలువడిన విలస తామ్రశాసనం తెలుపుతుంది. నగరానికి సుల్తాన్‌పూర్ అని కొత్త పేరు పెట్టారు, స్వయంభూదేవాలయాన్ని కూల్చారు.

అయితే విజేతలు నగరపు ఆకృతిని చెరపలేదు. గోడలు, ద్వారాలు, కూడలి అన్నీ వారికి పనికివచ్చాయి. ఆలయ స్థలంలోనే జుమా మసీదును కట్టారు, నాలుగు తోరణాలను మాత్రం దాని చుట్టూ అలాగే ఉంచారు. దేవతా రూపాలకు ముఖ్యస్థానం లేని ఆ తోరణాలు కొత్త మతానికి అడ్డు కాకుండానే, ఇది రాజధాని కేంద్రమన్న పాత అర్థాన్ని కొనసాగించాయని వాగొనర్ వివరణ. ప్రాంగణానికి పడమరగా లేచిన ఖుష్ మహల్ కింద వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ లోపలికి వాలే గోడలతో, ఢిల్లీలోని తుగ్లక్ కాలపు కట్టడాలను పోలి ఉంటుంది. ఇది పాలకుడు కొలువు తీరే సభామందిరమని పరిశోధకులు భావిస్తున్నారు. ఆ ఢిల్లీ పాలన కూడా ఎక్కువ కాలం సాగలేదు. 1336 ప్రాంతాన ముసునూరి కాపయనాయకుడు నగరాన్ని తిరిగి గెలిచి, ఆంధ్రసురత్రాణ అనే బిరుదు ధరించాడు. సుల్తాను అన్న మాటనే సంస్కృతీకరించి, ఓడించినవారి పదవీనామాన్ని తన గౌరవానికి జోడించుకోవడం ఆనాటి రాజకీయ భాష. అతని తరువాత రేచర్ల నాయకుల, బహమనీల చేతులు మారిన కోటను పదహారవ శతాబ్ది మొదట్లో షితాబ్ ఖాన్ ఏలాడు. శాసనాలలో చిత్తాపఖానుగా కనిపించే ఈ హిందూ పాలకుడు, 1504 నాటి శాసనం ప్రకారం, నగరంలో ఆగిపోయిన దేవతార్చనలను పునరుద్ధరించాడు. ఖుష్ మహల్‌ను నేటికీ స్థానికులు కొందరు షితాబ్ ఖాన్ మహలుగానే చెప్పుకుంటారు. కాకతీయుల వారసత్వాన్ని చెప్పుకోదలచిన ప్రతివారూ, వారి మతం ఏదైనా, ఆ కేంద్రాన్నే చేజిక్కించుకున్నారు.

రాజులు మారుతున్న ఈ కాలంలోనే, ఓరుగల్లును ఒక్క రోజులో తిరిగి చూడడమే కథావస్తువుగా గల తెలుగు కావ్యం వెలువడింది. వినుకొండ వల్లభరాయుని పేరు మీద ఉన్న క్రీడాభిరామం, రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామానికి అనుసరణ. దశరూపకాలలో ఒకటైన వీథి అనే ప్రక్రియకు చెందిన ఈ రచన శ్రీనాథునిదేనని కొందరు పండితులు వాదించారు. గోవింద మంచనశర్మ అనే బ్రాహ్మణుడు, అతని మిత్రుడు టిట్టిభసెట్టి తెల్లవారి నుంచి రాత్రి వరకు ఓరుగల్లు వీధులలో తిరుగుతారు. వారికి ఎదురయ్యేవి రాజభవనాలు మాత్రమే కావు. రూకకు భోజనం పెట్టే పూటకూళ్ల ఇల్లు, కోడిపందేలు, ఏకవీరాదేవి గుడి, పలనాటి వీరుల కథను పాడేవారు, మైలారుదేవుని భక్తుల సాహస క్రీడలు, ప్రతాపరుద్రుని ఆదరం పొందిన మాచల్దేవి ఇల్లు వారి దారిలో వస్తాయి. కోట చరిత్రను గోడల నుంచి తెలుసుకోవచ్చు, ఆ గోడల నడుమ ఎవరు ఏమి తిన్నారో, దేనికి నవ్వారో, ఏ దేవతకు మొక్కారో తెలుసుకోవాలంటే ఈ కావ్యాన్ని మించిన ఆధారం లేదు. నేటి యాత్రలు విడిచిపెట్టిన నగరాన్ని క్రీడాభిరామం చూపుతుంది. రెండింటినీ కలిపి చదివినప్పుడే ఓరుగల్లు కోట కాక ఊరుగా అర్థమవుతుంది.

తోరణాల ప్రభావం కోట దాటి కూడా సాగింది. కుతుబ్ షాహీలు హైదరాబాదును నిర్మించినప్పుడు 1591లో చార్మినార్‌ను, దాని తరువాత ఏడాదిలో నాలుగు వైపులా నాలుగు కమానులతో చార్‌కమాన్ కూడలిని కట్టారు. నాలుగు దిక్కుల ద్వారాలతో రాజధాని నడిబొడ్డును గుర్తించే ఈ ఆలోచనకు మూలం ఓరుగల్లు తోరణాలలో ఉందని వాగొనర్, చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ ప్రతిపాదించారు. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం తన అధికార చిహ్నంలో కాకతీయ తోరణాన్ని, చార్మినార్‌ను ఒకదానిలో ఒకటిగా అమర్చుకోవడం, తెలిసి చేసినా తెలియక చేసినా, ఈ చారిత్రక బంధానికి సరిపోయే ఎంపిక.

గుర్తింపు మాత్రం అన్నింటికీ సమానంగా దక్కలేదు. వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోట, రామప్ప గుడి కలిపి 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాకు చేరగా, 2021 జులైలో ప్రపంచ వారసత్వ సంపదగా నమోదైనది రామప్ప ఒక్కటే. వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని పురావస్తు శాఖ రాయి రాయిగా విడదీసి మళ్లీ నిలబెట్టాక 2024లో తిరిగి తెరిచారు. డెన్మార్కులో 2023లో అదే యునెస్కో గుర్తింపు పొందిన అయిదు వలయకోటలలో ఇప్పుడు మిగిలినవి చాలావరకు గడ్డి కప్పిన మట్టికట్టలూ, నేలలో పూడిన గుంతలూ మాత్రమే. అక్కడ గౌరవం దక్కినది శిల్పానికి కాదు, నేల మీది ఆకృతికి. ఈ పోలిక ఓరుగల్లుకు ఒక పాఠం చెబుతుంది. ఆకృతే విలువైనదైతే, దారుల కోసం తెగి, పొలాలలో, ఇళ్ల నడుమ కలిసిపోతున్న మట్టికోట తోరణాల కంటే తక్కువ విలువైనది కాదు. ఢిల్లీ సైన్యాన్ని వారాల తరబడి ఆపినది చెక్కిన రాయి కాదు, ఆ మట్టే. కాబట్టి ఓరుగల్లును ఒక్క పగటిలో చూడదలచిన వారికి సరైన వరుస మట్టికోట దగ్గర మొదలై, అగడ్తలను దాటి, మెలికల ద్వారం గుండా తోరణాల కూడలికి చేరేది. రాజధాని ఏ క్రమంలో ముట్టడికి లోనైందో ఆ నడకలో, ఏ క్రమంలో పెరిగిందో తిరుగు నడకలో తెలుస్తుంది, మట్టికోటను కాపాడుకోవలసిన అవసరం కూడా ఆ నడకతోనే ఎక్కువ మందికి అర్థమవుతుంది.